నాన్నగారి 60 ఏళ్ల పండక్కి 80 కార్డులు: డైలో కాగితం ఇరుక్కుంటోంది, తెలుగు అక్షరాలు ముక్కలైపోతున్నాయి

తామరరేకు | వేళచ్చేరి

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ ఫోరంలో మీ పోస్టులు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. డిసెంబరు మొదటి వారంలో మా నాన్నగారి షష్ఠిపూర్తి. తిరుక్కడయూరు గుడిలో పూజ చేయించి, మర్నాడు ఇక్కడ చెన్నైలో ఇంట్లో భోజనాలు పెట్టుకుంటున్నాం. పిలుపు కార్డులు 80 కావాలి. బయట అచ్చు వేయించకుండా అన్నీ నా చేత్తోనే చేస్తానని అమ్మకు మాటిచ్చాను. ఇంకా మూడు వారాలే ఉంది.

నా దగ్గర చేత్తో తిప్పే డై కటింగ్ మిషన్ ఉంది. డై అంటే కాగితాన్ని ఒక ఆకారంలో కోసే పల్చటి లోహపు అచ్చు. దాన్నీ కాగితాన్నీ రెండు ప్లేట్ల మధ్య పెట్టి రోలర్ల కింద నడపాలి. నోరు 6 అంగుళాల వెడల్పు. రేకుల మధ్య వెంట్రుకంత గీతలున్న తామర పువ్వు డై ఒకటి కొన్నాను. పుదుచ్చేరి నుంచి తెచ్చుకున్న హ్యాండ్‌మేడ్ పేపర్ మీద వేస్తే అంచులన్నీ నూగు లేస్తున్నాయి, సగం గీతలు తెగడం లేదు. తెగిన చోట కాగితం డైలోనే ఇరుక్కుపోతోంది. నిన్న రాత్రి పిన్నీసుతో వెనక కన్నాల్లోంచి ఒక్కో రేకే పొడుస్తూ కూర్చున్నాను. పదకొండు రేకులు బాగా వచ్చాయి. పన్నెండో రేకు మొదట్లో చిరిగిపోయింది. అప్పటికి అరగంటైంది. ఒక్క పువ్వుకే అరగంటైతే 80 ఎప్పటికి చేస్తాను?

రెండోది అక్షరాలు. కార్డు మీద ‘షష్ఠిపూర్తి’ అని బంగారు రంగు కాగితంలో కత్తిరించి అతికించాలని నా ఆశ. ఆఫీసులో స్నేహితురాలికి కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మిషన్ ఉంటే అందులో వేసి చూశాం. కాగితాన్ని అంటించి ఉంచే జిగురు మ్యాట్ మీద నుంచి తీస్తే పది ముక్కలు చేతికొచ్చాయి. ఠ ఒత్తు మధ్యలో ఉండే చుక్క ఎక్కడ పడిందో దొరకనే లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

కాగితంపడవ | పశ్చిమ మాంబళం

మూడు వారాలు చాలండీ. ముందు కాగితం సంగతి తేలితే సగం పని అయిపోయినట్టే. మూడు విషయాలు చెప్పండి. ఆ హ్యాండ్‌మేడ్ పేపర్ ఎంత దళసరి? దాన్ని ఎక్కడ దాచారు? మిషన్ ప్లేట్లు ఎన్నాళ్లుగా వాడుతున్నారు, తిరగేస్తున్నారా?

తామరరేకు | వేళచ్చేరి

జీఎస్‌ఎం, అదే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, తెలీదక్కా, వేలితో పట్టుకుంటే పెళ్లి కార్డు అట్ట కంటే కాస్త మెత్తగా ఉంటుంది. కిటికీ పక్కన చెక్క అల్మారాలో పెట్టాను. వారం రోజులుగా వాన ఆగలేదు. ప్లేట్లు కొన్నప్పటి నుంచి ఒకే వైపు వాడుతున్నాను. తిరగేయాలని నాకు తెలీదు. ఇప్పుడు బల్ల మీద పెడితే మధ్యలో లేచి ఉంటున్నాయి.

కాగితంపడవ | పశ్చిమ మాంబళం

అయితే మీ డైలో తప్పేం లేదు. తప్పంతా కాగితంలో, తేమలో, ప్లేట్లలో ఉంది.

హ్యాండ్‌మేడ్ పేపర్ ఎక్కువగా నూలు గుడ్డ పీలికల గుజ్జుతో చేస్తారు. పత్తి పీచు పొడవుగా ఉంటుంది. అందుకే అది అంత గట్టిగా, అందంగా ఉంటుంది. సన్నని డైకి అదే అడ్డం. అంచు దిగినప్పుడు పీచు పూర్తిగా తెగకుండా సాగుతుంది. మీరు చూసిన నూగు అదే. వెంట్రుకంత గీతలున్న డైకి నున్నటి కార్డ్‌స్టాక్ వాడాలి, 200 నుంచి 250 జీఎస్‌ఎం లోపు. కొనేటప్పుడు ఒక మూల చింపి చూడండి. లోపల కూడా పైనున్న రంగే ఉండాలి. లోపల తెల్లగా ఉంటే కత్తిరించిన ప్రతి అంచూ తెల్ల గీతలా కనబడుతుంది. మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటి రంగుల్లో అది పువ్వు అందమంతా పాడు చేస్తుంది.

ఇక తేమ. కాగితం గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఐప్పసి (అక్టోబరు-నవంబరుల్లో వచ్చే తమిళ నెల), కార్తీక మాసాల్లో చెన్నైలో అల్మారాలో పెట్టిన కాగితం వేసవిలో కొన్న కాగితంలా ఉండదు. మెత్తబడిన కాగితం మీద డై అంచు దిగబడుతుందే తప్ప కోయదు. నేను వానాకాలంలో కార్డ్‌స్టాక్‌ను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, మందుల డబ్బాల్లోనూ కొత్త చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే, తడి పీల్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి అందులో వేస్తాను. కత్తిరించే రోజు ఏసీ గదిలో రెండు గంటలు ఫ్యాన్ కింద పరుస్తాను. అంత తేడా ఉంటుందా అని నేనూ మొదట్లో అనుకున్నాను. తడి కాగితం కోసినప్పుడు చప్పుడే రాదు. ఆరిన కాగితమైతే హ్యాండిల్ తిప్పుతుంటే కటకటమని వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, పువ్వు బాగా వచ్చినట్టే.

ప్లేట్లు ప్రతిసారీ తిరగేయండి. ఒక వైపే వాడితే వంగిపోయి మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. అంచులు తెగి మధ్యలో తెగకపోవడానికి కారణం అదే. వంగినవాటిని రెండో వైపుకు తిప్పి వాడుతుంటే నెమ్మదిగా సర్దుకుంటాయి.

డైకీ కాగితానికీ మధ్య వ్యాక్స్ పేపర్ ముక్క ఒకటి వేయండి. పువ్వు దానంతటదే ఊడి వస్తుంది. డైని తిన్నగా పెట్టకుండా కొంచెం ఏటవాలుగా పెట్టండి. అప్పుడు రోలర్ బరువు ఒకేసారి ఒక గీత మొత్తం మీద పడదు.

మడత | తాంబరం

నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. డై పైన ఉండాలా, కాగితం పైన ఉండాలా? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చూపిస్తున్నారు.

కాగితంపడవ | పశ్చిమ మాంబళం

ఎలాగైనా పరవాలేదు. డై కోసే అంచు కాగితం వైపు చూడాలి, అంతే. ప్రింటు ఉన్న కాగితమైతే డైని పైన పెడితే ఎక్కడ పడుతుందో కనబడుతుంది. జరగకుండా తక్కువ జిగురున్న టేపు ముక్క వేయండి. మామూలు సెల్లో టేపు వేస్తే పీకేటప్పుడు పై పొర లేచిపోతుంది.

పాతప్రెస్సు | ప్యారిస్

తామరరేకు తల్లీ, ఈ వయసులో నాకు ఈ చిన్న మిషన్లు కొత్తే గానీ పని పాతదే. ఇక్కడ ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో ముప్పై ఏళ్లకు పైగా శుభలేఖల ప్రెస్సులో పనిచేశాను. మేం దీన్ని పంచింగ్ అనేవాళ్లం. ప్లైవుడ్ చెక్క మీద బొమ్మ గీసి, గీత వెంబడి రంపంతో కోసి, ఆ సందుల్లో స్టీలు బ్లేడు వంచి దిగేసేవాళ్లం. అచ్చు వేయడం మానేసిన ట్రెడిల్ మిషన్లే తర్వాత పంచింగ్‌కి పనికొచ్చాయి. బ్లేడుకు రెండు పక్కలా స్పాంజి ముక్కలు అంటించేవాళ్లం. బ్లేడు కోసి వెనక్కి పోతుంటే స్పాంజి కాగితాన్ని బయటికి తోసేది. నీ డైకి స్పాంజి ఉండదు కాబట్టి కన్నాలు పెట్టాడు, నువ్వు పిన్నీసుతో పొడుస్తున్నావు.

ఒక చోట తెగకపోతే మొత్తం ఒత్తిడి పెంచకు. మేం బ్లేడు వెనక, తెగని చోట మాత్రం పల్చటి కాగితం ముక్క అంటించేవాళ్లం. నువ్వూ అంతే, ప్లేటు కింద ఆ జాగాలో పేపరు ముక్క ఒకటి వేసి చూడు. ఒకటి చాలకపోతే రెండు. మొత్తం పరిచేస్తే బాగా తెగే చోట ప్లేటు కోసుకుపోతుంది.

ఇంకో మాట. తప్పు పట్టడానికి కాదు, 80 కార్డులు కోసేశాక తెలిస్తే బాధపడతావని ముందే చెబుతున్నా. షష్ఠి అంటే ఆరో తిథి, సుబ్రహ్మణ్య షష్ఠి అంటామే, అది. అరవై అంటే షష్టి, ఠ ఒత్తు లేదు, ట ఒత్తే. మీ నాన్నగారిది షష్టిపూర్తి. శుభలేఖల్లో ఈ తప్పు నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. కంపోజింగ్ రోజుల్లో ఆ ఒక్క ఒత్తు మార్చితే సరిపోయేది. కోసిన కాగితాన్ని మాత్రం మార్చలేం.

తామరరేకు | వేళచ్చేరి

బాబాయిగారూ, మీకు వేల నమస్కారాలు. అమ్మకు చదివి వినిపించాను. నాన్నకు తెలియకుండా వంటింట్లో చదవాల్సి వచ్చింది. ఆ చుక్క పోయిందని రెండు రోజులు బాధపడ్డాను, అసలు ఆ చుక్కతో పనే లేదన్నమాట.

గుండ్రటిఅక్షరం | పెరుంగుడి

ఇప్పుడు అక్షరాల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను.

ఇంగ్లిష్‌లో కలిపి రాసే ఫాంటు తీసుకుంటే పదమంతా ఒకే ముక్కగా వస్తుంది. విదేశాల్లో చేసే కార్డుల్లో పదాలు అలా తీగలా అల్లుకుని ఉండడానికి కారణం అదే. తెలుగులో అలా కుదరదు. షష్టిపూర్తి తీసుకోండి. నేను వాడే ఫాంటులో ష ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి. తర్వాత ష్టికి ఒళ్లు, గుడి, ట ఒత్తు. పూకి ఒళ్లు, తలకట్టు. ర్తికి రి ఒకటి, త ఒత్తు ఒకటి. మొత్తం 9. శుభాకాంక్షల్లో, సంక్రాంతిలో సున్నాలు కూడా విడిగా గాజుల్లా పడతాయి.

చాలామంది చేసే పని ఏమిటంటే తలకట్టును కిందికి లాగి అక్షరానికి అంటించేయడం. దయచేసి అలా చేయకండి. ప, ష, స, హ అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటదు. పకి తలకట్టు అంటిస్తే వ అయిపోతుంది. అప్పుడు షష్టిపూర్తి కాస్తా షష్టివూర్తి అని చదవాల్సి వస్తుంది. చిన్నప్పుడు పలక మీద టీచరు మనకు మొదట దిద్దించిన తేడా అది. ఆ సందు కూడా అక్షరంలో భాగమే, దాన్ని మూయకూడదు.

అందుకని నేను ఇలా చేస్తాను. మిషన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు నేరుగా టైపు చేయను. నాకు ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చేశాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. అందులో పదం టైపు చేసి, పాత్‌గా, అంటే ఉత్త గీతలుగా మార్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలను యూనియన్ చేయాలి, అంటే ఒకటిగా కలపాలి. అది చేయకపోతే రెండు ముక్కలు కలిసే చోట బ్లేడు అడ్డంగా కోసేస్తుంది. తర్వాత ఎస్‌వీజీ అనే గీతల బొమ్మ ఫైలుగా సేవ్ చేసి మిషన్‌కి ఇస్తాను.

దాంతో పాటు రెండో ఫైలు ఒకటి. అదే పదం చుట్టూ రెండు మిల్లీమీటర్లు పెంచితే తలకట్లు, ఒత్తులు, గుడి అన్నీ కలిసిపోయి ఒకే నీడలా తయారవుతాయి. ఆ నీడను మెరూన్‌లో కోయండి, అది ఒకే ముక్క. దాని మీద బంగారు అక్షరాలు. దూరం నుంచి చూస్తే పదం ఒకటిగా కనబడుతుంది, దగ్గరికెళితే ప పలాగే ఉంటుంది.

మడత | తాంబరం

తొమ్మిది ముక్కలు 80 సార్లు సరిగ్గా ఎలా అతికిస్తారు? 720 ముక్కలు! ఏ ఫాంటు మంచిది?

గుండ్రటిఅక్షరం | పెరుంగుడి

అక్షరాలు కోసేశాక మిగిలిన కాగితం ఉంటుంది కదా, పదం ఆకారంలో ఖాళీలున్నది, దాన్ని పారేయకండి. అదే చట్రం. నీడ మీద ఆ చట్రాన్ని పెట్టి, ఏ ఖాళీలో ఆ ముక్క దించి వేలితో నొక్కి, చట్రం ఎత్తేయడమే. తలకట్టు అర మిల్లీమీటరు కూడా పక్కకు పోదు. జిగురు రాయనక్కర్లేదు. కోసే ముందే బంగారు కాగితం వెనక రెండు వైపులా అంటుకునే షీటు అతికించేయండి. కోసినవన్నీ స్టిక్కర్లవుతాయి. పట్టకారుతో వెనక పొర తీసి పెట్టడమే.

ఫాంటుకు వస్తే, ఒత్తులు సన్నగా ఉన్నవి తెగిపోతాయి. రామభద్ర, రవిప్రకాష్ లాంటి లావు ఫాంట్లు బాగుంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పదం పొడవు మూడున్నర అంగుళాల కంటే తగ్గించకండి. తగ్గిస్తే త ఒత్తు తోక పోతుంది.

తామరరేకు గారూ, నా మిషన్ మ్యాట్ 12 అంగుళాలు. ఈ కొలతకు ఒక మ్యాట్ మీద 27 పదాలు పడతాయి. మూడు మ్యాట్లు వేస్తే 81. శనివారం మా ఇంటికి వస్తే కోసేద్దాం.

ముగ్గుగిన్నె | పెరంబూరు

అక్షరాలు బంగారు ఇంకుతో అచ్చు వేయించేస్తే సరిపోదా? ఇంత కష్టం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నన్నడిగితే కత్తిరించాల్సింది ముగ్గు. మెలికల ముగ్గు గీత చుక్కల చుట్టూ అల్లుకుని తిరుగుతుంది, ఎక్కడా తెగదు. కోస్తే లేసులా ఒకే ముక్కగా చేతికొస్తుంది. మధ్యలో గళ్లు రాలిపోతాయి, అవి రాలితేనే అందం. కార్డు చుట్టూ అంచుగా పెడితే దానికి మించింది లేదు.

పాతప్రెస్సు | ప్యారిస్

ముగ్గు మాట చాలా బాగుంది. అచ్చు మాట మాత్రం నేను ఒప్పుకోను. జీవితమంతా అచ్చు వేసినవాణ్ణే చెబుతున్నా. పరాయివాళ్లకు పంచే కార్డు అచ్చు వేయొచ్చు. కూతురు తండ్రికి చేసే కార్డు వేరు. అక్షరం కాగితం మీద నుంచి ఒక రవ్వ లేచి ఉంటే పెద్దవాళ్లు చదివేటప్పుడు దాని మీద వేలు పెడతారు. చూడు, పెట్టకపోతే నన్నడుగు.

తామరరేకు | వేళచ్చేరి

అక్షరాలే కోస్తాను. ముగ్గు మీరన్నట్టే అంచుగా పెడతాను అక్కా, అమ్మ వేసే ఏడు చుక్కల మెలికల ముగ్గు ఉంది, అదే గీయించుకుంటాను. కానీ పుదుచ్చేరి కాగితం వృథా పోకూడదు. నాన్న, నేను కలిసి వెళ్లి తెచ్చిన కాగితం అది. దేనికైనా వాడొచ్చా?

కాగితంపడవ | పశ్చిమ మాంబళం

డైకి వద్దు. ఆ మాట మీదే ఉంటాను.

పాతప్రెస్సు | ప్యారిస్

డైకి వద్దు, కార్డుకు పెట్టు. విషయం రాసే లోపలి కాగితం అదే వేయి. కత్తెర పెట్టకు. మడిచి, మడత మీద తడి కుంచె ఒకసారి తిప్పి, స్కేలు ఆనించి నెమ్మదిగా చింపు. అంచు పీచు పీచుగా వస్తుంది, అదే దాని అందం. మిల్లు కాగితానికైతే పీచు ఒక దిక్కుకు నడుస్తుంది, ఆ దిక్కునే మడిస్తే పగలదు. షీటును రెండు వైపులా వంచి చూడు, ఎటు తేలిగ్గా వంగితే అటు మడత పెట్టాలి. చేతి కాగితంలో పీచు అన్ని దిక్కులా పడుతుంది కాబట్టి ఎటు మడిచినా ఒకటే.

కాగితంపడవ | పశ్చిమ మాంబళం

అది నేనూ ఒప్పుకుంటాను బాబాయిగారూ. పై అట్టకు 300 జీఎస్‌ఎం తీసుకోండి. ఏ4ను సగం చేస్తే 148 మిల్లీమీటర్ల వెడల్పు, మీ 6 అంగుళాల నోట్లో సరిగ్గా పడుతుంది. అది మడిస్తే ఏ6 కార్డు. మడిచే ముందు గీత నొక్కాలి, ఊరికే మడిస్తే పై పొర పగులుతుంది.

పోస్టులో పంపేవి ఉంటే ఒకటి తూచి చూసుకోండి. పై అట్టే 9 గ్రాములు దాటుతుంది. లోపలి కాగితం, నీడ, అక్షరాలు, పువ్వు, ముగ్గు, కవరు కలిస్తే 20 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పోస్టాఫీసులో 20 గ్రాముల మెట్లలో లెక్కిస్తారు, ఒక్క గ్రాము ఎక్కువైనా స్టాంపు మారుతుంది.

తామరరేకు | వేళచ్చేరి

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. ఇంటికి వచ్చి కూర్చుని రాయడానికి ఇవాళే వీలైంది.

శనివారం పెరుంగుడిలో మూడు మ్యాట్లు కోశాం. మొదటి మ్యాట్‌లో ట ఒత్తులు నాలుగు చిరిగాయి. కొత్త బ్లేడు వేసి, వేగం తగ్గించాక ఒక్కటి కూడా పోలేదు. మ్యాట్ మీద నుంచి కాగితాన్ని లాగకుండా, మ్యాట్‌ను తలకిందులు చేసి దాన్నే వెనక్కి వంచితే కాగితం చుట్టుకుపోకుండా వస్తుందని అక్కడే నేర్చుకున్నాను. చిరిగిన నాలుగింటికి మూడు మళ్లీ కోశాం, 81లో ఒకటి అదనంగా ఉంది కదా.

పువ్వులు ఇంట్లో చేశాను. గులాబీ రంగు 220 జీఎస్‌ఎం తీసుకుని, డబ్బాలో పెట్టి ఆరబెట్టాను. ప్లేట్లు తిప్పాను, వ్యాక్స్ పేపర్ వేశాను. మధ్య గీతలు అప్పటికీ రెండు చోట్ల తెగలేదు. బాబాయిగారు చెప్పినట్టు ప్లేటు కింద బొటనవేలంత పేపరు ముక్క అంటించాను. హ్యాండిల్ తిప్పితే అక్క చెప్పిన చప్పుడు వచ్చింది. ప్లేటు ఎత్తి డైని బల్ల మీద బోర్లించి చిన్నగా తడితే పువ్వు మొత్తం ఊడి పడింది. పన్నెండు రేకులూ ఉన్నాయి. ఒకటి చేయడానికి నిమిషం కూడా పట్టలేదు. నేను కాసేపు అలా చూస్తూనే కూర్చున్నాను.

చట్రంతో అక్షరాలు పెట్టే పని అమ్మది. కళ్లజోడు పెట్టుకుని పట్టకారుతో తలకట్టు దించుతుంటే, బడిలో పిల్లలకు దిద్దించినట్టు ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుకుంటూ పెట్టింది.

మడత | తాంబరం

పసుపు పెట్టారా? మా ఇంట్లో పసుపు తడికి కార్డు మూలలు ఉబ్బిపోయాయి.

పాతప్రెస్సు | ప్యారిస్

పసుపు పల్చగా కలిపితే అంతే. చుక్క నీళ్లతో ముద్దగా ఉండాలి, వేలికి అంటీ అంటనట్టు. నాలుగు మూలలా అద్ది, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాకే ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఎండలో ఆరబెట్టకూడదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.

తామరరేకు | వేళచ్చేరి

అలాగే పెట్టాం బాబాయిగారూ.

మొదటి కార్డు నిన్న సాయంత్రం నాన్నకిచ్చాను. కవరు తీసి చదవలేదు. ముందు బొటనవేలితో తామర రేకులు తడిమారు, తర్వాత అక్షరాల మీదికి వచ్చారు. ష దగ్గర మొదలుపెట్టి త ఒత్తు తోక దాకా వేలు నడిచింది. ‘ఇవి అచ్చు వేసినవి కాదు’ అన్నారు. లోపలి కాగితం చూసి మన పుదుచ్చేరి కాగితం కదా అని గుర్తుపట్టారు. తర్వాత కార్డును అలాగే పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. అమ్మ వెనకాలే కాఫీ తీసుకెళ్లింది.

ఒక విషయం అడగాలి. అక్షరాలు కోశాక చట్రాలు చాలా మిగిలాయి. పని చేయడానికి రెండు చాలు, మిగతావి అలాగే పుస్తకం మధ్యలో పెట్టి దాచాను. ఎవరింట్లోనైనా ఈ ఏడాది షష్టిపూర్తి ఉంటే చెప్పండి, వేళచ్చేరి రైల్వే స్టేషన్ దగ్గర ఇవ్వగలను. ఎస్‌వీజీ ఫైలు కూడా పంపుతాను.

ముగ్గుగిన్నె | పెరంబూరు

నాకు నాలుగు కావాలి. మా మామగారిది మాఘ మాసంలో.

పాతప్రెస్సు | ప్యారిస్

నాకు ఒకటి ఉంచు తల్లీ. నాకు పని లేదు గానీ, అందులో ప ఎలా వచ్చిందో చూడాలి.